ఎండ వీపున పడే చోటు

కళ్ళజోళ్ళ షాపు,
మధ్యాహ్నం, బేరాల్లేని వేళ.

బామ్మర్దికి,

నీ ఫోన్‌లో నా నంబరు బ్లాక్ చేశావని తెలుసు. ఉత్తరాన్ని బ్లాక్ చేసే మీట ఇంకా ఎవడూ కనిపెట్టలేదు కాబట్టి ఇది నీకు చేరుతుంది. నిన్ను కొత్త ప్రాంతానికి వేశారనీ, అక్కడ ఊరూరా తిరిగి లిఫ్టులు బాగుచేస్తున్నావనీ మీ కంపెనీ మేనేజరు చెప్పి బ్రాంచి ఆఫీసు అడ్రసు ఇచ్చాడు. అందుకు ఆయన మీద ఎగరకు. ఆయనకి కళ్ళజోడు చేసిచ్చేది నేనే, అడిగితే కాదనలేకపోయాడు.

కుశలప్రశ్నలు వెయ్యను. నీ కుశలం నాకక్కర్లేదు, నాది నీకక్కర్లేదు. పని చెప్తాను.

నువ్వున్న ప్రాంతంలో రైళ్ళు చూడ్డానికి మంచి చోట్లు ఎక్కడున్నాయో రాసి పంపు. త్వరలో షాపు మూసి కొన్నాళ్ళు అటు తిరుగుదామనుకుంటున్నాను. కొత్త చోట మనం ఎలా వెతికేవాళ్ళమో మర్చిపోయి ఉండవు. ప్లాట్‌ఫారం వద్దు, అక్కడ జనాన్ని చూడ్డంతోనే సరిపోతుంది. పట్టాలు వంపు తిరిగే చోటు కావాలి, బండి మొదలూ చివరా కనపడాలి. కూర్చోడానికి గోడో రాయో ఉండాలి. దగ్గర్లో టీ దొరకాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఎండ వీపున పడాలి. కళ్ళల్లో ఎండ కొట్టే చోట నిలబడి బండి చూడ్డం కన్నా ఇంట్లో పడుకోవడం నయం.

ప్రేమతో అడగట్లేదు. ఆ ప్రాంతంలో రైళ్ళ సంగతి తెలిసినవాడివి నాకు నువ్వొక్కడివే దొరికావు. అదీ నా ఖర్మ.

మీ అక్క మొగుడు


స్టేషన్ ఎదుటి లాడ్జి, రెండో అంతస్తు.
(ఇక్కడ లిఫ్టు పనిచెయ్యదు. నన్ను బాగుచెయ్యమని అడగరు, నేనూ అనను.)

అయ్యా,

తమరి ఉత్తరం అందింది. జవాబు రాయకూడదనే అనుకున్నాను. రాయకపోతే తమరు ఇంకోటి రాస్తారు, అదీ చదవాల్సొస్తుంది.

మీరు అడిగింది చోట్లు కాదు. మా అక్కా, పిల్లా ఎక్కడున్నారో అడిగారు. వాళ్ళు ఈ ప్రాంతంలోనే ఉన్నారని మీకు ఎవరు ఊదారో గానీ, నా చెవిలో పూలు పెట్టడం మీ వల్ల కాదు. సూటిగా అడిగే ధైర్యం లేక రైళ్ళని అడ్డం పెట్టుకున్నారు. మీకు అన్నిటికీ రైళ్ళే అడ్డం.

ఆ రోజు కూడా అంతేగా? గేటు దగ్గర రాతిబల్ల మీద పిల్లని కూర్చోబెట్టి మీరు పట్టాలు దాటి అవతలికి వెళ్ళారు. ఎందుకు? మీరు ఎవరితోనూ అనలేదు గానీ నాకు తెలుసు, ఇవతల ఎండ కళ్ళల్లో కొట్టి ఉంటుంది! ఎక్స్‌ప్రెస్‌కి కొత్త రంగు ఇంజను తగిలించారట, అది కళ్ళారా చూడాలట! ఈలోగా గూడ్సు వచ్చి మధ్యలో ఆగింది. ఆగిందంటే ఆగిందే. పిల్ల ఇటు, తండ్రి అటు. కాస్త నడిస్తే పాదచారుల వంతెన. మామూలు తండ్రైతే పరిగెత్తి మెట్లెక్కి దిగేవాడు. మీరేం చేశారో గేటు మనిషి మా అక్కతో చెబుతుంటే నేను పక్కనే ఉన్నాను. "పాప ఇక్కడ గుక్కపెట్టి ఏడుస్తోందమ్మా. వంతెన మీంచి రమ్మని ఎంత అరిచినా మీ ఆయన అడుగు కదపలేదు. గూడ్సు చూస్తూ గుంజలాగా నిలబడ్డాడు" అన్నాడు. ఆ మాట విన్న రోజే అక్క పెట్టె సర్దింది. ఆ పెట్టె మోసింది నేనే. మెట్ల దగ్గర నిలబడి మీరు చూశారు, కాళ్ళకి ఆ జత కుదరని చెప్పులతో, ఒక పట్టీ నల్లది, ఒకటి గోధుమరంగుది, ఇంటి మీదా ఒంటి మీదా ధ్యాసలేని మనిషిలాగా. ఒక్క మాట మాట్లాడలేదు.

చోట్లు కావాలన్నారు కాబట్టి చెప్తాను, మీరు కుళ్ళుకోవాలని చెప్తాను. వచ్చిన కొత్తలో నేనూ తిరిగాను. నది వంతెన దగ్గర చూశాను, దూరం ఎక్కువ, బండి బొమ్మలాగా ఉంటుంది. గోడౌన్ల వెనక చూశాను, కంపు. ఇక్కడి పాదచారుల వంతెన మీద ఇనుప జాలీ బిగించేశారు, జల్లెడలోంచి చూసినట్టే. తిరగ్గా తిరగ్గా దొరికిందండీ ఒక చోటు! కొండ మొదట్లో పట్టాలు చంద్రవంకలా వంపు తిరుగుతాయి. పాత నీళ్ళ ట్యాంకు, దాని పక్కన పొట్టి గోడ. గూడ్సు వచ్చి సరిగ్గా ఆ వంపులో ఆగుతుంది. ఎందుకనుకున్నారు? ఎత్తు ఎక్కలేక. అప్పుడు వెనక నుంచి రెండు ఇంజన్లొచ్చి తగులుకుని, ముందున్నవి లాగుతుంటే ఇవి తోస్తాయి. నేల అదురుతుంది, మేము కూర్చునే గోడ కూడా అదురుతుంది. కాసేపటికి ఆ రెండూ తోసే పని ముగించుకుని, ఒంటరిగా, తీరిగ్గా కిందకి దొర్లుకుంటూ వస్తాయి. సాయంత్రం ఎండ కచ్చితంగా వీపున పడుతుంది. మీరు జన్మలో చూసి ఉండరు.

ఎక్కడో చెప్పను. బుర్ర బద్దలుకొట్టుకోండి.

లిఫ్టు మెకానిక్


కళ్ళజోళ్ళ షాపు.

అయ్యగారికి,

నన్ను "మీరు" అన్నావు! మొదటిసారి మీ ఇంటికొచ్చిన రోజు, మంచినీళ్ళు ఇవ్వకముందే "బావా, నీకు ఇంజన్లు తెలుసా?" అని చెయ్యి పట్టుకుని డాబా మీదకి లాక్కెళ్ళినవాడివి. ఇన్నేళ్ళకి మర్యాద నేర్చుకున్నావు, సంతోషం. నీకది నప్పలేదు.

నీ గొప్పలు చదివాను. చదివి కుళ్ళుకోలేదు, నవ్వుకున్నాను. పప్పులో కాలేశావు అబ్బాయ్. ఊరి పేరు దాచి, వెనక నుంచి తోసే ఇంజన్ల సంగతి రాస్తావా? ఆ ప్రాంతం మొత్తానికి వెనక ఇంజన్లు పెట్టాల్సినంత ఎత్తున్న కొండ ఒకటే. దాని మొదట్లో స్టేషనూ ఒకటే. మ్యాపు కూడా తియ్యలేదు, నీ ఉత్తరం మడవకముందే ఊరు తెలిసిపోయింది. ఇంకెవడి చేతిలోనో పడితే అది వట్టి సోది. నా చేతికి మాత్రం అడ్రసు రాసిచ్చినట్టే. ఆ చోటు గురించి ఎవరికో ఒకరికి చెప్పకపోతే నీ కడుపు ఉబ్బిపోతుంది. అది వినడానికి నీకు నేను తప్ప ఎవరున్నారు?

ఇంకోటి. "మేము కూర్చునే గోడ" అన్నావు. లాడ్జి గదిలో ఒంటరిగా ఉండే మెకానిక్కుకి ఈ మేము ఎక్కణ్ణించి ఊడిపడింది?

పిల్లని, నా కూతపిట్టని, ఆ గోడ మీద కూర్చోబెడుతున్నావన్నమాట. కూర్చోబెట్టు. అంచున మాత్రం వద్దు, కాళ్ళు ఊపే అలవాటుంది. ఇంకా ఇంజను కూత పెడుతోందా? గాలి పీల్చకుండా ఎంత పొడుగు పెట్టేదో!

వచ్చే నెల వస్తున్నాను. టికెట్టు తీశాను. మీ అక్కతో చెబుతావో దాస్తావో నీ ఇష్టం. నా కూతుర్ని నేను చూసుకోడానికి లిఫ్టు బాగుచేసేవాడి అనుమతి అక్కర్లేదు.

గోడ దగ్గర టీ దొరుకుతుందో లేదో నువ్వు రాయలేదు. దొరకదన్నమాట. టీ లేని చోటు అదేం చోటు?

నీ బావ


అదే లాడ్జి.

నీకు,

మర్యాద నప్పలేదన్నావుగా, తీసేశాను. ఇప్పుడు విను.

రావద్దు. నువ్వొచ్చావని తెలిసిన మర్నాడే అక్క మళ్ళీ పెట్టె సర్దుతుంది. ఈసారి ఎక్కడికెళ్తుందో నాక్కూడా చెప్పదు. ఇక్కడ కుట్టు ఫ్యాక్టరీలో ఇప్పుడిప్పుడే సూపర్‌వైజరు పని కుదిరింది. పిల్లకి స్కూల్లో ఒక స్నేహితురాలు దొరికింది, ఇద్దరూ ఒకే డబ్బాలో తింటున్నారు. దీన్నంతటినీ చెడగొట్టడానికి టికెట్టు తీశావు. భేష్!

ఇంజన్ల సంగతి రాసినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. నీకంటే ఎక్కువగానే తిట్టుకున్నాను, సరేనా?

కూత గురించి అడిగావు. పెట్టదు. ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా పెట్టలేదు. దాన్ని కూతపిట్ట అనే హక్కు నీకు లేదు.

ఇంకా ఏం చేస్తుందో తెలుసా? గోడ మీద నా పక్కన బుద్ధిగా కూర్చుంటుంది. గూడ్సు ఆగిందంటే చాలు, గోడ దిగిపోతుంది. నేల మీద మోకాళ్ళేసి, తల వంచి, పెట్టెల కింద నుంచి అవతలికి చూస్తుంది. నేను చెయ్యి గట్టిగా పట్టుకుంటాను. లాక్కుందామంటే రాదు, బండి కదిలేదాకా లేవదు. గౌనంతా దుమ్ము, నుదుటి మీద కంకర గుచ్చుకున్న గుర్తులు. ఏం చూస్తున్నావే అంటే చెప్పదు. వాళ్ళ టీచరుతో అంటే, ఎప్పుడో జడుసుకుని ఉంటుంది, ఆ భయం అలా నిలిచిపోయింది అంది. ఆ భయం పేరు నువ్వు. అక్కకి ఇది ఇంకా చెప్పలేదు, చెబితే ఆ గోడ దగ్గరకి మా ఇద్దర్నీ పోనివ్వదు.

ఎండ కళ్ళల్లో కొట్టిందని పిల్లని వదిలేసినవాడివి. నీడన కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకో. ఇటు రాకు.

రాస్తే చింపేస్తాను.


కళ్ళజోళ్ళ షాపు,
షట్టరు సగం దించి రాస్తున్నాను.

చింపెయ్. చదివాక చింపెయ్.

టికెట్టు రద్దు చేశాను. నీ బెదిరింపుకి కాదు. దాని స్నేహితురాలి సంగతి చదివాక చెయ్యాల్సొచ్చింది.

ఆ టీచరుకి ఏం తెలుసు? నీకేం తెలుసు? అది భయంతో వంగట్లేదురా.

గూడ్సు ఆగగానే నేనూ వంతెన వైపు పరిగెత్తాను. నాలుగడుగులు వేశానో లేదో అవతల నుంచి కెవ్వుమంది. వంగి చూశాను. అదీ వంగి చూస్తోంది. నేను నిలబడితే దానికి చక్రాల మధ్య నుంచి నా కాళ్ళు తప్ప ఏమీ కనపడవు. వెనక్కొచ్చి అక్కడే నిలబడ్డాను, ఏడుపు తగ్గింది. మళ్ళీ కదిలాను, మళ్ళీ ఎత్తుకుంది, ఈసారి ఇంకాస్త ముందుకి జరిగింది. నేను వంతెనెక్కి దిగేలోపు, కాళ్ళు కనపడక, వెతుక్కుంటూ బండి కిందకి దూరితే? ఆ క్షణంలో బండి కదిలితే? ఇంక నేను కదల్లేదు. గేటు మనిషి నన్ను నానా మాటలూ అన్నాడు. అననీ అనుకున్నాను. ఆ చప్పుళ్ళలో ఎంత అరిచి చెప్పినా నా మాట వాడికి వినపడదు.

గూడ్సు చూస్తూ నిలబడ్డానట. ఎన్ని పెట్టెలో, ఏ రంగో, ఏం సరుకో అడుగు. చెప్పలేను. నా జీవితంలో నా ముందు ఆగి, నేను చూడని బండి అదొక్కటే.

ఇది మీ అక్కకి చెప్పబోయాను. "అసలు అవతలికి ఎందుకెళ్ళావు?" అంది. ఎండ కోసం వెళ్ళానని ఆవిడ మొహం మీద చెప్పడానికి నోరు రాలేదు. మొదటిదానికే జవాబు లేనివాడు రెండోది చెబితే సాకు అంటారు. మీ అక్క అనకపోయినా నువ్వు అంటావు. అందుకే మెట్ల దగ్గర మాట్లాడలేదు.

నువ్వు నమ్మాలని రాయట్లేదు. అది వంగినప్పుడు లాగొద్దని రాస్తున్నాను. చెయ్యి పట్టుకో, చూడనివ్వు.


లాడ్జి. వానలు మొదలయ్యాయి, గది ఉరుస్తోంది.

నీకు,

నీ ఉత్తరం చదివి వారం రోజులు కోపంగా తిరిగాను. నమ్మలేదు. కోతలు కొయ్యడంలో నిన్ను మించినవాడు లేడు. కొనడానికొచ్చినవాడికి లేని చూపు దోషం అంటగట్టగలవు.

తర్వాత ఒక సాయంత్రం పిల్లని ఒక ప్రశ్న అడిగాను. నీ ఊసెత్తలేదు. అది జవాబు చెప్పింది. నువ్వు రాసింది నిజమేనని తేలింది. ఎలా తేలిందో నీకు చెప్పాల్సిన పని లేదు. అంత సంతోషం నీకు నా చేత్తో ఇవ్వను.

ఉత్తరం చింపలేదు. అక్క చేతిలో పెట్టాను. ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చింది, భుజం మీద కొలతల టేపు అలాగే ఉంది. నిలబడే చదివింది. మడిచి, మళ్ళీ విప్పి చదివింది. "ఎండ కోసం వెళ్ళాడా?" అంది. "అంత మాత్రానికా?" అంది. తర్వాత లోపలికెళ్ళి కుళాయి తిప్పి చాలాసేపు మొహం కడుక్కుంది. కోపం పోయిందనుకోకు. వచ్చాక నన్ను కూడా దులిపేసింది, గోడ సంగతి దాచినందుకు.

రెండ్రోజుల తర్వాత అన్నం పెడుతూ తనే ఎత్తింది. తన మాటలు తన మాటల్లోనే రాస్తున్నాను, ఒక్కటీ మార్చలేదు.

"రమ్మను. ఇంటికి కాదు, ఆ గోడ దగ్గరకి. అది కూడా మన వైపుకి కాదు. అవతలి పక్క నిలబడమను. గూడ్సు ఆగాక అది వంగి చూస్తుందిగా, చూడనీ. బండి వెళ్ళాక అది పిలిస్తే దాటి రమ్మను. పిలవకపోతే అట్నుంచటే పొమ్మను. నేను పిలవను, నువ్వూ పిలవకూడదు."

అదీ షరతు. పిల్లకి ముందుగా ఏమీ చెప్పం. ఇష్టమైతే రా, లేకపోతే అక్కడే ఏడువు.


కళ్ళజోళ్ళ షాపు.

బామ్మర్దికి,

షరతు అందింది. బాగానే ఉంది. మీ అక్క పెట్టింది కాబట్టి బాగుంది, నువ్వు పెట్టి ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదు.

సరిగ్గా ఎక్కడ నిలబడాలో రాయి. గూడ్సు ఆగితే ఏ పెట్టె ఎక్కడికొస్తుందో, గోడకి ఎదురు ఏ గుర్తు ఉందో రాయి. ఇటూ అటూ అయితే పెట్టెల మధ్య చక్రం అడ్డొస్తుంది, కనపడను. ఇంతకాలం నన్ను తిట్టడానికి ఖర్చుపెట్టిన ఇంకులో ఒక చుక్క దీనికి వాడు.

మనిషిలా కనపడాలిగా, తయారవుతున్నాను. జుట్టు కత్తిరించుకున్నాను. కొత్త బూట్లు కొన్నాను, నల్లవి, నిగనిగలాడుతున్నాయి. మీ అక్క ఏళ్ళ తరబడి పారెయ్యమని పోరిన ఆ పాత చెప్పులు ఇవాళ సంచిలో వేసి షాపు బయట పెట్టాను, చెత్తబండి ఎప్పుడొస్తే అప్పుడు తీసుకుపోతుంది. ఈ మాట ఆవిడతో చెప్పు. సంతోషిస్తుంది.

పిల్ల పిలవకపోతే, నేను వెళ్ళిపోయాక, ఆ రెండు ఇంజన్లూ కొండ దిగి ఒంటరిగా వచ్చేదాకా దాన్ని అక్కడే కూర్చోబెట్టు. అవి చూస్తే దానికి కొంచెం బాగుంటుంది.

నీ బావ


లాడ్జి,
ఇది అందగానే ముందు షాపు బయటకి పరిగెత్తు.

బావా,

బుద్ధుందా నీకు? చెత్తబండి పోయి ఉంటే దాని వెనక పరిగెత్తు. దొరక్కపోతే చెప్పులు కుట్టేవాడి దగ్గర కూర్చుని అచ్చం అలాంటివే చేయించు. వంతెన దాకా పరిగెత్తలేకపోయావు కదా, ఆ పరుగు ఇప్పుడు పరిగెత్తు.

చెప్పనన్న సంగతి చెప్పాల్సొస్తోంది. ఆ సాయంత్రం నేను పిల్లని అడిగింది ఇది. "ఏం వెతుకుతున్నావే కింద?"

"కాళ్ళు" అంది.

"ఎవరివి?" అన్నాను.

నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. "ఒకదానికి నల్లపట్టీ, ఒకదానికి గోధుమరంగు పట్టీ. నల్లది కుడికాలికి" అంది. ఎడంకాలికా అని కావాలనే అడిగాను, తెలుసుకుందామని. "కాదు, కుడికాలికి" అని కోప్పడింది. నీ ఉత్తరంలో చెప్పుల మాటే లేదు. అప్పుడు నమ్మాను.

అక్కతో ఇవాళ చెప్పాను, నువ్వు చెప్పులు పారేశావని. సంతోషిస్తుందన్నావుగా? గరిట కింద పడేసింది.

ఇక చోటు. స్టేషన్ వెనక గేటు దాటి, కొండ వైపు కంకర దారి పట్టు. నీళ్ళ ట్యాంకు నీకు అవతల కనపడుతుంది. ఇటు నీ పక్కన తుప్పు పట్టిన సిగ్నలు స్తంభం ఒకటుంది, దానికి దీపం లేదు. ఆ స్తంభాన్ని ఆనుకుని నిలబడు. గూడ్సు ఆగితే అక్కడ పెట్టె మధ్యభాగం వస్తుంది, చక్రాలు అడ్డురావు. పగటి గూడ్సు ఆగినప్పుడు నేనే అటు వెళ్ళి నిలబడి, పిల్ల స్కూల్లో ఉండగా అక్కని ఇటు వంగి చూడమని, సరిచూసుకున్నాను. వంగేటప్పుడు నన్ను ఎన్ని తిట్టిందో రాయను. పిల్ల చెయ్యి నా చేతిలో ఉంటుంది. బండి పూర్తిగా పోయేదాకా వదలను, భయపడకు.

పిల్ల చూసే బండి సాయంత్రం వస్తుంది. నువ్వున్న వైపు ఎండ తిన్నగా కళ్ళల్లో కొడుతుంది. చెయ్యి అడ్డం పెట్టుకోకు, నీడకి జరక్కు, అక్కణ్ణించి అడుగు కదపకు. అక్కడ టీ కూడా దొరకదు.

కూత పెడుతుందని ఆశపడకు. పిలుస్తుందని కూడా ముందే అనుకోకు. నీ మీద నాకు కోపం తగ్గలేదు, ఆ సంగతి ఆ తర్వాత తీరిగ్గా చూసుకుందాం.

బూట్లతో మాత్రం రాకు. అది నిన్ను గుర్తుపట్టదు.

నీ బామ్మర్ది